బోణీ ఆర్డర్లు

బిస్కట్లు అమ్మడానికి మనిషి కావాలంటే ఏం చేయాలి? మనిషిని పిలవాలి, ప్యాకెట్టు చేతికివ్వాలి, అమ్ముకు రమ్మనాలి. బరంపురం పెద్దబజారులో ఇరవై ఏళ్ళకి పైగా కిరాణా కొట్టు నడిపినవాణ్ణి, నా బుర్రకి అంతవరకే తెలుసు. ఈ కాలంలో అలా కాదట. ముందు బయోడేటా పంపాలి. పంపితే భువనేశ్వర్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆ అమ్మాయి సరేనంటే ఫోన్లోనే ఒక పరీక్ష. అది గట్టెక్కితే హోటల్లో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ కూడా అయ్యాక బజార్లో ఒకరోజు పని చేసి చూపించాలి. అప్పటికీ ఓపిక మిగిలి ఉంటే ఉద్యోగం.

నా పేరు పూర్ణచంద్ర పాత్రో. మా నాన్న ధర్మలింగం పెట్టిన కొట్టు మూసేసి ఏడాది దాటింది. ఎందుకు మూశామని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. ఫోన్ నొక్కితే పప్పూ ఉప్పూ గుమ్మంలోకి వచ్చేస్తున్న రోజుల్లో కొట్టు ఎందుకు మూతపడుతుందో అడిగేవాడికి తెలియదా? ఇప్పుడు ఆ కొట్టులో ఎవరో సెల్‌ఫోన్ తొడుగులు అమ్ముకుంటున్నాడు. అతని అద్దెతోనూ, మా ఆవిడ సాయిపద్మ చెప్పే ట్యూషన్లతోనూ ఇల్లు నడుస్తోంది. నడుస్తోందని అనడమే గానీ, ఈడుస్తున్నాం.

ఇది నేను ప్రయత్నించిన మూడో కంపెనీ. మొదటి రెండూ వయసు చూసి వద్దన్నాయి. ఇదీ పోతే ఇంకో కంపెనీకి రాసే శక్తి నాకు లేదు. ఆ మాట సాయిపద్మకి చెప్పలేదు గానీ ఆమెకి తెలుసు.

భువనేశ్వర్ అమ్మాయి గొంతు మంచిదే.

"మీరు ఫ్రెషర్ల కింద వస్తారు సార్," అంది.

"నాకు నలభై దాటాయమ్మా."

"అనుభవం ఉంటే శాలరీ స్లిప్పులు పంపండి సార్."

నా గల్లా పెట్టె దగ్గర నేనే కూర్చునేవాణ్ణి. నాకు స్లిప్పు ఎవరిస్తారు? నేనే రాసుకుని నేనే సంతకం పెట్టుకోవాలా? ఇదంతా ఆ అమ్మాయితో అనలేదు. ఫ్రెషర్ కిందే రాసుకోమన్నాను. మీసంలో తెల్లవెంట్రుకలతో ఫ్రెషర్ అయ్యాను.

ఫోన్లో పరీక్ష ఇంకా వింత. 'కొత్తవారితో మాట్లాడటం మీకు చాలా ఇష్టమా, కొంచెం ఇష్టమా, ఇష్టం లేదా?' అని ఒక ప్రశ్న. కొత్తవాళ్ళు వచ్చి ఏం కావాలో చెబితే ఇచ్చేవాణ్ణి. వాళ్ళతో మాట్లాడాల్సిన పని ఏముంటుంది? 'కొంచెం' మీద వేలు పెట్టబోయాను.

పక్కన కూర్చున్న సాయిపద్మ నా చెయ్యి పట్టుకుంది. "సాలా ఇష్టం అని నొక్కండి."

"అబద్ధం కదే."

"నిజాలు సెప్పీసే రెండు కంపెనీలు పోగొట్టేరు. నొక్కండి."

నొక్కాను. ఆ లెక్కన నేను కొత్తవాళ్ళని చూస్తే ప్రాణం లేచివచ్చే మనిషిని, ఓటమి అంటే తెలియనివాణ్ణి, పొద్దున్నే పాట పాడుకుంటూ నిద్ర లేచేవాణ్ణి. పరీక్షలో పాసయ్యాను.

ఇంటర్వ్యూ పాత బస్టాండు దగ్గర హోటల్లో పెట్టారు. చుట్టూ మా అమ్మాయికి అన్నలంత కుర్రాళ్ళు, మెడలో టైలు. ఏరియా మేనేజరు పాణిగ్రాహి నాకంటే చిన్నవాడే. కళ్ళకింద నల్లగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు. బల్ల మీద నీళ్ళ సీసా నా ముందుకు తోసి, "ఇది నాకు అమ్మండి పూర్ణబాబూ," అన్నాడు ఒడియాలో.

నేను అలవాటు కొద్దీ, "ఎన్ని కావాలండీ?" అన్నాను.

కుర్రాళ్ళు నవ్వారు.

"నాకు అక్కర్లేదు," అన్నాడు పాణిగ్రాహి.

"అక్కర్లేకపోతే ఎందుకండీ, దండగ."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. ఇక అయిపోయిందని లేవబోయాను. ఆయన కూర్చోమని సైగ చేసి, పెద్దబజారు గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆ వీధిలో మీవాళ్ళ కొట్లు ఎన్ని ఉంటాయి, మీకు చుట్టరికం ఎంతమందితో, మీ నాన్నగారంటే ఎవరెవరికి గౌరవం, మీరు వెళ్ళి అడిగితే కాదనేవాడు ఉన్నాడా అని. నాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షలో రాసిన అబద్ధం నిజమైపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క కొట్టూ చెప్పాను, ఎవరి పెళ్ళి ఎవరితో కుదిరిందో, ఊరి అమ్మవారు ఠాకురాణీ జాత్రకి ఎవరు ఎంత ఆర్భాటం చేస్తారో కూడా చెప్పాను. ఆయన అంతా రాసుకున్నాడు. ఎంత మంచివాడు, మనిషిని అడిగి తెలుసుకుంటున్నాడు అనుకున్నాను. బజారు పరీక్షకి నన్ను పిలిచారు. వీధి కూడా వాళ్ళే ఖాయం చేశారు, మా పెద్దబజారు.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు నాన్న అన్నం తింటున్నాడు. కొట్టు మూశాక ఆయన ఆ వీధి మొహం చూడలేదు. గుడికి వెళ్ళాలన్నా చుట్టుదారిన పోతాడు. మజ్జిగ కలుపుకుంటున్న చెయ్యి ఆపేశాడు.

"ఆ బజార్లోనా? సంచీ ఏసుకుని కొట్టు కొట్టుకీ ఎక్కుతావా? ఇన్నాళ్ళూ మన కొట్టు మెట్లమీద నిలబడినోళ్ళనాగ ఎళ్ళి నిలబడతావా?"

"ఏటి సెయ్యమంటావు నాన్నా, మరో దారుంటే సెప్పు."

నాన్న చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ తర్వాత ఉద్యోగం ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పరీక్షకి ముందు కంపెనీవాళ్ళు ఫోన్లో పాఠాలు పంపారు. నవ్వు ఎలా నవ్వాలో, చెయ్యి ఎలా కలపాలో చూపించే వీడియోలు. మధ్యాహ్నం పూట గది తలుపేసుకుని వాటిని చూస్తూ కూర్చునేవాణ్ణి. నాన్న బయట ఏం చేస్తున్నాడో నేను పట్టించుకోలేదు.

ఆ రోజు రానే వచ్చింది. భుజానికి కంపెనీ సంచీ, అందులో చక్కెర లేని ఓట్స్ బిస్కట్లు. బరంపురం మనిషి చక్కెర లేని బిస్కట్టు డబ్బిచ్చి కొంటాడని ఏ మహానుభావుడికి తోచిందో. వెనకాల పాణిగ్రాహి ఫోన్ పట్టుకుని నడుస్తున్నాడు. మొదటి కొట్టు కొండలు మామది. మా అమ్మ వైపు చుట్టం. పిసినారి కాదు గానీ, గీసి గీసి బేరమాడందే గుండుసూది కూడా కొనడు.

మెట్టు దగ్గర నిలబడ్డాను. పైకి వెళ్ళి కూర్చోవడం అలవాటైన కొట్టు. ఆ రోజు కాళ్ళు పైకి లేవలేదు. వీడియోలో నేర్పిన నవ్వు నవ్వబోతే దవడ నొప్పి పుట్టింది.

"మామా, ఇవి కొత్త రకం బిస్కట్లు..."

"ఒక పెట్టె రాసుకో పూర్ణా," అన్నాడు మామ, తల ఎత్తకుండానే.

అంతే. నేను నేర్చుకున్న పాఠం సగం కూడా అప్పజెప్పలేదు. పక్క కొట్టుకి వెళ్ళాను. అక్కడా ఒక పెట్టె. ఎదురు కొట్టులో ఒక పెట్టె. లాభం ఎంత మిగులుతుందని అడిగినవాడు లేడు, సరుకు పోకపోతే వెనక్కి తీసుకుంటారా అని అడిగినవాడు లేడు. పెద్దబజారు వ్యాపారి లాభం అడక్కుండా సరుకు తీసుకుంటున్నాడంటే అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు. నాకు ఒళ్ళు తేలిపోతోంది. ఇన్నాళ్ళూ నాలో ఈ విద్య దాగి ఉందన్నమాట, గల్లా పెట్టె వెనక కూర్చుని దాన్ని పాడుచేసుకున్నానన్నమాట అనుకున్నాను. నవ్వు కూడా దానంతట అదే వచ్చేస్తోంది. పాణిగ్రాహి ఒక్కొక్క ఆర్డరూ ఫోన్లోకి ఎక్కిస్తూ, "బాగుంది పూర్ణబాబూ, బాగుంది," అంటున్నాడు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నా పని బాగుందన్నాడు. నాకు నిజంగా సంతోషం వేసింది.

వీధి చివర వరలక్ష్మి అత్త కొట్టు. పూజ సామాను. అక్కడ బిస్కట్ల ప్రసక్తి ఉండదు కనక చెయ్యూపి దాటిపోతున్నాను.

"ఒరే పూర్ణా, ఏటిరా నన్నొగ్గీసి ఎల్లిపోతన్నావు?" అని కేక వేసింది.

"నీ కొట్లో పసుపూ కుంకం తప్ప ఏటుంటాది అత్తా? బిస్కట్లేటి సేసుకుంటావు?"

"బోణీకి సేసుకోడమేటిరా? మీ నాన్న సెప్పేడు కాదేటి. మా పూర్ణ కొత్తగా యాపారం మొదలెట్టేడు, బోణీ సెయ్యకుండా పంపొద్దని. నాకూ ఒక పెట్టె రాయి. ఇంటికాడ పిల్లలు తింటారు, తినకపోతే ఆవుకేసీస్తాను."

మా బజారులో ఒక పద్ధతి ఉంది. మాలో ఎవరైనా కొత్తగా కొట్టు తెరిస్తే, మొదటి రోజు వీధి వీధంతా వెళ్ళి ఏదో ఒకటి కొంటుంది. కావాలా వద్దా అని చూడరు, బేరం ఆడరు, కాదనరు. అది బోణీ. మర్నాటి నుంచి మామూలు వ్యాపారం, ఎవడి లెక్క వాడిది. మా మేనత్త కొడుకు రంగుల కొట్టు పెట్టినప్పుడు నేను కొన్న డబ్బా మా మంచం కింద ఇప్పటికీ ఉంది. అలాంటి రంగు వేసుకునే గోడ ఈ లోకంలో లేదు. కానీ బోణీ కొట్టుకి చేస్తారు. జీతానికి వెళ్ళేవాడికి బోణీ చెయ్యడం మాలో ఎవరూ ఎరగరు. నాన్న నా ఉద్యోగాన్ని వ్యాపారమని చెప్పాడు. వాళ్ళు నమ్మారో, నమ్మినట్టు ఊరుకున్నారో, ఒక్కో పెట్టె బోణీ చేశారు.

అత్తకి కూడా ఒక పెట్టె రాశాను. పొద్దుటి నుంచి విద్య అనుకున్నదంతా మా నాన్న మొహం చూసి చేసిన బోణీ. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

వీధి మలుపులో టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు పాణిగ్రాహికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఇవి నిజమైన ఆర్డర్లు కావు, ఇది మావాళ్ళ ఆచారం, రెండోసారి ఒక్క పెట్టె కూడా పోదు, కావాలంటే అన్నీ కొట్టెయ్యండి అని. ఉద్యోగం పోయిందని నాకు తెలుసు. కానీ నిజం చెప్పి పోగొట్టుకుంటున్నాను, అదొక్కటే తృప్తి.

ఆయన టీ ఊదుకున్నాడు. కోపం రాలేదు. అదే నాకు వింతగా ఉంది.

"మొదటి నెల అందరికీ చుట్టాలే ఇస్తారు పూర్ణబాబూ. ఆ సంగతి కంపెనీకి తెలియదనుకున్నారా?"

"మరి రెండో నెల?"

"గట్టిగా అడిగితే రెండో నెలా ఇస్తారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకో వీధిలో ఇంకొకరు దొరుకుతారు." గ్లాసు కింద పెట్టాడు. "నీళ్ళ సీసా అమ్మలేని మనిషిని ఎందుకు రమ్మన్నాననుకున్నారు? మీరు ఆ వీధి మొత్తం చెప్పారు, నేను రాసుకున్నాను. నేనూ ఇలాగే వచ్చానండీ. మాది ఆస్కా. ఇప్పటికీ నేను ఊరెళితే మా పెదనాన్న నన్ను చూసి కొట్టు షట్టరు దించేస్తాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన్ని చూసి కూడా జాలేసింది, అది నాకు నచ్చలేదు.

"నన్ను పురుషోత్తంపూర్ లైనుకి వెయ్యండి," అన్నాను. "అక్కడ నన్నెవరూ ఎరగరు. అమ్మితే నేను అమ్మినట్టు, లేకపోతే లేదు."

"మిమ్మల్నెవరూ ఎరగని చోట మీతో మాకేం పని?"

ఆ మాట ఆయన నొప్పించాలని అనలేదు. ఉన్న విషయం చెప్పాడు. నాలుగు మెట్ల పరీక్షలు పెట్టి, నవ్వులూ చేతులు కలపడాలూ నేర్పించి, వాళ్ళు తూకం వేసింది నన్ను కాదు, మా వీధిని. సాయంత్రానికి ఫోన్లో సందేశం వస్తుందనీ, ఇష్టమైతే ఒప్పుకున్నట్టు నొక్కమనీ, ఈ రోజు అయిన అమ్మకమే ఇక ముందు ప్రతి నెలకీ లక్ష్యమనీ చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. నొక్కకూడదని దారిలోనే తేల్చుకున్నాను. ఇది వద్దు, ఇంకోటి చూద్దాం, ఇంకోటి లేకపోతే ఊరుకుందాం. మొహం చూపించి మొహం పోగొట్టుకునే ఉద్యోగం నాకు వద్దు. తేల్చుకున్నాక కొంచెం తేలికగా కూడా అనిపించింది. కోపం మాత్రం నాన్న మీద నిలిచి ఉంది. ఆ వీధి తొక్కడు కనక అందరికీ ఫోన్లోనే చెప్పి ఉంటాడు. ఎవరు ఫోన్లు చెయ్యమన్నారు ఈయన్ని? నేను అడిగానా? నాలుగు ఆర్డర్లు నా అంతట నేను తెచ్చుకోలేననుకున్నాడా?

గుమ్మంలో అడుగు పెడుతూనే అడుగుదామనుకున్నాను. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ బేసినులో, వేడినీళ్ళలో ఉన్నాయి. సాయిపద్మ ఉప్పు కలుపుతోంది. పాదాలు వాచి, మడమల దగ్గర చర్మం ఊడి ఉంది.

"కాళ్ళకేటయింది?"

"ఏటీ అవలేదు," అన్నాడు నాన్న.

"అవకపోడమేటి మావగారూ," అంది సాయిపద్మ. నా వైపు తిరిగింది. "మీరు తలుపేసుకుని ఆ పాఠాలు సూసుకుంటన్నన్నాళ్ళూ ఎండనపడి పెద్దబజారు తిరిగేరు. మీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నారు. మీ పరీక్ష అయిపోయింది, ఇంక దాసడమేటి."

"ఫోన్ సెయ్యలేదా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఫోన్లో అడగడమేటిరా," అన్నాడు నాన్న. "పని పడింది మనకి. మనమే ఎల్లాల."

ఆ వీధి మొహం చూడనని చుట్టుదారిన గుడికెళ్ళే మనిషి. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను.

నాన్న నీళ్ళలో కాళ్ళు కదుపుతూ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. "కొండలు కూచోమన్లేదురా. తప్పేటుంది, గిరాకీ మీదున్నాడు. నిలబడ్డాను. సూద్దాంలే బావా అన్నాడు. మళ్ళీ ఎల్లేను. మళ్ళీ సూద్దాంలే అన్నాడు. కొట్టులో ఉన్నన్నాళ్ళూ సేతులు ఎక్కడ పెట్టుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. అక్కడ మెట్టుకాడ నిలబడితే ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సేతిలో సరుకేటీ లేదు కదా, ఏటి సూపిస్తాను? నీ సిన్నప్పటి ముచ్చట్లు సెప్పేను. బెల్లం బస్తా ఎనకాతల నిద్దరోయీవోడివి, దీపాలేళకి ఎతుక్కునీవోళ్ళం, అదీ ఇదీ. కొండలు నవ్వేడు. సరేలే పంపీ అన్నాడు."

సాయిపద్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాను. కంపెనీ సందేశం. కింద రెండు గళ్ళు, ఒప్పుకుంటే ఒకటి, లేకపోతే ఇంకోటి.

"అందరూ ఇచ్చేరా?" అన్నాడు నాన్న. నా మొహం వైపు చూడకుండా అడిగాడు. "వరలచ్చిమి కూడానా?"

"ఇచ్చింది నాన్నా. అందరూ ఇచ్చేరు."

"మరి ఉద్యోగం?"

ఆ వీధి ఈ నెల ఇస్తుంది, గట్టిగా అడిగితే వచ్చే నెల ఇస్తుంది. ఆ తర్వాత కొండలు మామ నన్ను చూసి తల తిప్పుకుంటాడు. అన్నీ తెలుసు. ఇష్టం లేదు, ఒళ్ళంతా అలసిపోయి ఉంది. అయినా ఈ ఉద్యోగం కోసం నాకంటే ముందు మా నాన్న మెట్ల దగ్గర నిలబడ్డాడు. నొక్కాను.

"వచ్చింది," అన్నాను.

ఆయన మొహంలో సంతోషం ఏమీ కనిపించలేదు. తల ఊపాడు. బేసినులోంచి కాళ్ళు తీసి, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"ముందు ఎవరి కొట్టుకెల్తావు?"

"కొండలు మామ కొట్టుకి."

"పొద్దున్నే ఎల్లకు, గిరాకీ ఉంటాది. బారెడు పొద్దెక్కేక ఎల్లు." తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ అన్నాడు. "మెట్టుకి కుడిపక్క నిలబడకురా, ఎండొచ్చీస్తాది. ఎడంపక్క నిలబడు. అక్కడ కొంచెం నీడుంటాది."